మూడుసార్లు గుంజితే

నల్లా రాని రోజున మా బావ చచ్చిపోయాడు. కాలం చేశాడనో, వెళ్లిపోయాడనో మర్యాదగా అనవచ్చు గానీ, ఆయన విషయంలో మా ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రాలేదు. మే నెల, చంద్రపూర్ ఎండ. రెండు రోజులుగా నీళ్లు లేవు. స్నానానికని పోయి, ఖాళీ బకెట్ పక్కన కూలబడ్డాడు. మగ్గు చేతిలోనే ఉంది. గుట్టల కింది గుహల్లో, నీటి అడుగున, మనిషి కాలు పెట్టని చీకట్లో కెమెరా పట్టుకుని తిరిగినవాడికి ఆఖరున గొంతు తడుపుకోవడానికి చుక్క దొరకలేదు. శవానికి స్నానం చేయించడానికి పక్కింటివాళ్లను బతిమాలి రెండు బిందెలు తెచ్చింది నేనే. నాకు ఏడుపు రాలేదు. నవ్వు వచ్చింది. నలుగురిలో బాగుండదని దాన్ని దగ్గుగా మార్చుకున్నాను.

ఆయన మా అక్క మొగుడు. మాది బజారులో తాళ్ల దుకాణం. కొబ్బరితాడు, నైలాను తాడు, గోనెసంచులు, తాడ్‌పత్రీ పట్టలు అమ్ముతాం. తాతల కాలంలో ఇటు వచ్చి స్థిరపడ్డవాళ్లం. ఇంట్లో తెలుగు, దుకాణంలో మరాఠీ, కోపమొస్తే హిందీ. మాకు నాలుగు దుకాణాల అవతల ఆయన ఫోటో స్టూడియో. ఆయన పేరు ఇక్కడ రాయను. మా అక్క పేరు ఆయన ఎక్కడా రాయలేదు, ఆ లెక్కకు ఈ లెక్క.

ఆయనను తలచుకుంటే ముందు ముక్కు గుర్తొస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, రెండు వేళ్లతో ముక్కు మూసుకుని, బుగ్గలు ఉబ్బించి, లోపలి గాలిని చెవుల్లోకి నెట్టేవాడు. నీళ్లలో లోతుకు దిగేవాళ్లు అట్లా చేయకపోతే చెవులు పగిలిపోతాయట. దుకాణం మెట్ల మీద కూర్చుని ఎందుకు చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. ఎదుటివాడి మాట నచ్చనప్పుడల్లా చేసేవాడు. మా అమ్మకు జ్వరమని చెప్పినా చేశాడు. పెళ్లికి ముందు ఏడెనిమిదేళ్లు బొంబాయిలో సినిమావాళ్ల దగ్గర నీళ్లలో కెమెరా మోసే పని చేశాడని విన్నాం. ఏ సినిమాలు బావా అంటే, ముక్కు. అక్కడి నుంచి తెచ్చుకున్నవి రెండు పాత గాలి సిలిండర్లు, కాళ్లకు తొడుక్కునే రబ్బరు రెక్కలు, ఒక పిచ్చి.

ఏ ఇంటికి పోయినా గదిని ఊపిర్లలో కొలిచేవాడు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఊపిరి బిగబట్టి ఈదితే ఎన్ని ఊపిర్లు పడతాయో, అదీ కొలత. మా కొత్త ఇంటి గృహప్రవేశం నాడు హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. "గింతేనా బామ్మర్దీ? ఒక్క ఊపిరి గూడ గాదు," అన్నాడు. వచ్చిన చుట్టాలంతా నవ్వారు. ఆ ఇంట్లో నేను ఇప్పటికీ హాయిగా ఊపిరి తీసుకోలేను.

అవి ఊరికి కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులు. అంతకుముందు చాటుమాటుగా చేతులు మారే విదేశీ కెమెరాలు దుకాణం అద్దాల్లోకి వచ్చి కూర్చున్నాయి. గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల ఆఫీసర్లకు పిల్లల పుట్టినరోజుకు కూడా వీడియో కావాల్సి వచ్చింది. బావకు చేతినిండా పని. ఆ పనంటే ఆయనకు ఒళ్లుమంట. నా పెళ్లి ఆయనే తీశాడు. మూడు గంటల టేపులో నా ముఖం నాలుగుసార్లు కనిపిస్తుంది. ఇత్తడి పళ్లెంలో మా కాళ్లు కడిగిన నీళ్లు మాత్రం పావుగంట. పసుపు కరగడం, పూలరేకు మునగడం, ఒక చీమ ఆ రేకు మీదికెక్కి అంచుకు చేరడం. మా ఆవిడ ఇప్పటికీ ఆ చీమ కోసమే టేపు పెట్టమంటుంది.

మా నాయన పోయిన రోజున ఇంకో పని చేశాడు. శవం చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తుంటే వీడియో లైటు వేసుకుని వచ్చాడు. అమ్మ నాయన కాళ్ల మీద పడి ఏడ్చి ఏడ్చి అప్పుడే కాస్త ఆగింది. బావ ఆమె పక్కన గొంతుక్కూర్చుని, ఎంతో నెమ్మదిగా అన్నాడు.

"అత్తమ్మా, ఇందాకటి ఏడుపు మస్తుగుండె. గప్పుడు టేపు నడుస్తలేకుండె. జర గట్లనే మల్లొక్కసారి ఏడువుండ్రి."

పెద్దవాళ్లంతా నోళ్లు తెరిచారు. మా అమ్మ ఏ లోకంలో ఉందో, సరే బిడ్డా అన్నట్టు తలూపి మళ్లీ ఏడ్చింది. నేను ఆయన చొక్కా పట్టుకోబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇప్పుడు అమ్మ కూడా లేదు. ఆమె ముఖం దగ్గరగా కనిపించేది ఆ ఒక్క టేపులోనే. చెప్పడానికి నాకు మనసొప్పదు గానీ, బాగా తీశాడు వెధవ. ఆ లైటులో అమ్మ ముడతలు, తడి, అన్నీ దేవత ముఖంలో ఉన్నట్టు ఉంటాయి.

వారమంతా పెళ్లిళ్లు తీసి, సెలవు దొరికితే గుహలకు పోయేవాడు. విరూర్ స్టేషన్‌లో దిగి ఆదిలాబాద్ సరిహద్దు వైపు గుట్టల్లోకి గంట నడిస్తే, ఒక గుట్ట మొదట్లో మనిషి వంగి దూరేంత సందు ఉంది. లోపల మోకాలిలోతు నీళ్లు. పది అడుగులు పోయాక దారి నీళ్లలోకి దిగిపోతుంది. నీటి కిందే ముప్పై బారల సొరంగం, దాని అవతల పెళ్లిమండపం అంత గది. ఆ గదిలో సున్నపురాయి స్తంభాలు నీళ్లలో వేలాడుతుంటాయట, పైకప్పు కింద జానెడు మేర గాలి ఉంటుందట. 'అట' అనే చెప్పాలి. నేను మోకాలిలోతు దాటి ఎన్నడూ పోలేదు. నాకు ఈత రాదు.

వీడియో కెమెరాను నీళ్లలోకి దించడానికి ఇనుప పెట్టె చేయించాడు. ముందు మందపాటి అద్దం, చుట్టూ బస్సు ట్యూబు రబ్బరు. పెట్టె మునగడానికీ, ఆయన మునగడానికీ బరువు కావాలి కనుక మా దుకాణంలో తూకం రాళ్లు పట్టుకుపోయేవాడు. ఒకసారి తూకాలకు ముద్రవేసే అధికారి వస్తే ఐదు కిలోల రాయికి నాచు పట్టి ఉంది. "యే క్యా హై సేఠ్?" అన్నాడు. మా బావ నడుముకు కట్టుకుంటాడని చెప్తే నమ్మడని, వానలో తడిసిందన్నాను. అది ఏప్రిల్. ఆయన నా ముఖం చూశాడు, ఆకాశం చూశాడు, ఇంకో రాయి అందుకున్నాడు.

మొదట తీసిన టేపులు ఊళ్లో కేబుల్‌లో వేశారు. ఎవరూ చూడలేదు. బావ నా దుకాణం మెట్ల మీద కూర్చుని తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు.

"ఉత్త రాళ్లు తీస్తే ఎవడు చూస్తడు? గా రాయి ఎంత పెద్దదో ఎట్ల తెలుస్తది? పక్కపొంటి మనిషి ఉండాలె. చేతిల దీపం వట్టుకోని."

"ఎవరొస్తరు బావా గా బొక్కలకు?"

"మీ అక్క ఉన్నది గదా," అన్నాడు, వంటింట్లో ఇంకో గిన్నె ఉందన్నట్టు.

"అక్కకు ఈత రాదు."

"ఈత నేర్పిస్త. చీకట్ల భయపడకుంట ఉండుడు నేర్పిస్తె రాదు. గది మీ అక్కకు వచ్చు."

అది నిజం. స్టూడియో వెనక చీకటిగదిలో ఫిలిం కడిగేది అక్కే. తలుపు మూస్తే తన చెయ్యి తనకు కనిపించని గది. పదేళ్లు అందులో చేత్తో తడుముకుంటూ పనిచేసింది. చేరిన మొదటిరోజే ఆయన పెట్టిన నియమం ఒకటుంది: చీకట్లో ఎటు కదిలినా ఎడమ చెయ్యి గోడ మీద నుంచి తీయవద్దు. తియ్యకపోతే తలుపు ఎక్కడుందో ఎన్నటికీ మర్చిపోరు.

రాజురా దగ్గర మా పెద్దనాయన చేనులో మోటబావి ఉంది. అందులో ఎండాకాలమంతా అక్కకు నేర్పాడు. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి నెట్టడం, రబ్బరు గొట్టం కరిచిపట్టి ఊపిరి తీయడం, ఏమైనా సరే లైటు వదలకపోవడం. లైటంటే గని కూలీల నెత్తిన ఉండే దీపం. పద్మాపూర్ దగ్గర పాతసామాను కొట్లో దొరికితే, నీళ్లు పోకుండా డబ్బాలో బిగించాడు. అక్క ఎన్ని నీళ్లు మింగిందో లెక్కలేదు. కళ్లు ఎర్రగా, చీర కింద చెమట కాయల్లా దద్దుర్లతో ఇంటికొచ్చేది. కానీ ముఖంలో ఏదో వెలుగు ఉండేది. ఆమెను అట్లా పెళ్లి రోజున కూడా నేను చూడలేదు.

నేను ఒక్క షరతు పెట్టాను. తాడు నాది. కొస అక్క నడుముకే కట్టాలి. మా నాయన నేర్పిన ముడి ఒకటుంది, బరువు పడ్డకొద్దీ బిగుస్తుంది, తోక పట్టి ఒక్కసారి లాగితే విడిపోతుంది. ఆ ముడి ఆయనకు నేనే నేర్పాను. ఇంకో కొస సందు దగ్గర నా చేతిలో. లోపలి నుంచి ఒక్కసారి గుంజితే బాగున్నామని. రెండుసార్లయితే తాడు వదులు చేయమని. మూడుసార్లు గుంజితే లాగమని.

"మూడు గుంజులొస్తె సోంచాయించకు బామ్మర్దీ. ఎందుకు, ఏంది అనకు. గుంజుడే," అన్నాడు.

అట్లా నాలుగేళ్లు. ఎన్నిసార్లు ఆ తాడు కొసన మా అక్కను చేపలా బయటికి లాగానో. బయటికొచ్చి అద్దాలు తీసి, "తమ్మీ, లోపట ఎంత మంచిగున్నదో ఎర్కనా!" అనేది, పళ్లు టకటకలాడుతుంటే. ఆ టేపులు జనం చూశారు. పెద్ద పెద్ద రాతి స్తంభాల మధ్య చిన్న దీపం పట్టుకుని వీపు తిప్పి ఈదుతూ పోయే ఒక మనిషి. బజారులో అందరూ అడిగారు, ఆ మనిషెవరని. "బొంబాయి నుంచి తెప్పించిన," అన్నాడు బావ. మా పెద్దమ్మ ఆ టేపు చూసి, ఎవరి బిడ్డో పాపం, కన్నవాళ్లు ఎట్లా పంపారో అంది. పక్కనే కూర్చున్న అక్క పల్లీలు వలుస్తోంది.

ఆ సాయంత్రం అక్క అడగడం నేను విన్నాను.

"ఒక్కపారన్న నా ముఖం తియ్యరాదుండ్రి."

"ముఖం వొస్తే అది నువ్వయితవు. ముఖం లేకుంటెనే మనిషయితది."

"నేను మనిషిని గానా?"

ముక్కు మూసుకున్నాడు.

తర్వాత ముంబైలోని ఒక ఛానెల్ వాళ్లకు ఆ టేపులు నచ్చాయి. గంటసేపటి సినిమా చేసి పంపమన్నారు, ఫలానా తారీఖు లోపల. అన్నీ ఉన్నాయి, చివరి దృశ్యం ఒక్కటే లేదు. దీపావళి పోయిన వారం బయల్దేరాం. ఆ యేడు వానలు ఎంతకూ పోలేదు. గుహ దగ్గర అక్క నీళ్లలో చెయ్యిపెట్టి చూసింది.

"నీళ్లు ఇంక తేరలేదు. బురద లేస్తది. పదిహేను రోజులాగి వద్దాం."

ఆయన ముక్కు మూసుకుని, పెట్టె ఎత్తుకుని దిగాడు. అక్క నావైపు చూసి, నడుము దగ్గర ముడి ఒకసారి సరిచూసుకుని, వెనకే దిగింది.

చాలాసేపు ఒక్కొక్క గుంజే. బాగున్నారు. తర్వాత ఏమీ రాలేదు. తర్వాత మూడు.

గుంజాను. బరువుగా ఉంది. అక్కే అనుకున్నాను, పాపం అలసిపోయి కాళ్లు కూడా ఆడించడం లేదనుకున్నాను. చేతులు తోలు లేచిపోతున్నా ఆపలేదు. నీళ్లు ముందు ఎర్రబడ్డాయి బురదతో, అందులోంచి ఇనుప పెట్టె వచ్చింది. నా తాడు కొస దాని పిడికి ఉంది. దాని పక్కనే, ఆ పిడినే పట్టుకుని, బావ వచ్చాడు.

"అక్కేది?"

ఆయన గొట్టం ఉమ్మేసి, పెట్టెను ఒళ్లోకి తీసుకుని, అద్దం తుడిచి, లోపలికి నీళ్లు దిగాయేమోనని వెలుతురుకు ఎత్తి చూశాడు. దిగలేదు. అప్పుడు చెప్పాడు.

"లోపట ఉన్నది. పైన గాలి ఉంది దానికి, ఫికరు లేదు. నా సిలిండర్ల గాలి అయిపోయింది."

నేను నీళ్లలోకి దూకాను. దూకడమంటే ఏముంది, నడుము దాకా పోయి అరిచాను. బావ వెనక నుంచి అన్న మాట ఇది: "నీళ్లు కలుపకు. బురద లేస్తది."

చిత్రమేమిటంటే, అది సరైన మాట. బురద తేరితే తప్ప ఆమెకు దారి కనపడదు. నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన బీడీ వెలిగించాడు. పెట్టె పిడికి ఉన్న ముడిని నేను చూస్తూనే ఉన్నాను. మా నాయన ముడి. రెండు చుట్లు, తోక బయటికి. చివరికి నేనే దాని తోక పట్టి లాగి విప్పాను. దూరంగా విరూర్‌లో మధ్యాహ్నం ప్యాసింజర్ కూత పెట్టి వెళ్లిపోయింది. తిరుగు ప్రయాణానికి మేం ఎక్కాల్సిన బండి అది.

ఆ తర్వాత చాలాసేపటికి అక్క వచ్చింది. ఎడమ చెయ్యి గోడ మీద పెట్టుకుని, నెమ్మదిగా, చీకటిగదిలోంచి వచ్చినట్టే వచ్చింది. ఆ చేతికి రెండు గోళ్లు లేవు. కుడిచేతిలో లైటు ఉంది. చెవుల్లోంచి నెత్తురు కారుతోంది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి ఆయన లైటుకు. ముక్కు మూసుకోవడానికి మూడో చెయ్యి లేదు.

బావ లేచి ఎదురుపోయాడు. ముందు లైటు అందుకున్నాడు. "పగుల్లేదు గదా?" అన్నాడు. ఆమెకు వినబడలేదు. అది మొదలు ఆమెకు ఏదీ సరిగా వినబడలేదు. చీము పట్టి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఆర్నెల్లకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి.

ఆ రోజు బల్లార్షా దాకా ఒక లారీలో వచ్చాం. దారిలో బావ రెండు చేతులు చూపి సైగ చేశాడు అక్కకు. తాడు జారిపోయింది అని. నావైపు చూశాడు. ఇంటికొచ్చాక అమ్మ గుండెలు బాదుకుంటూ, "ఏమైందిరా కొడుకా?" అని అడిగింది. "తాడు జారిందమ్మా," అన్నాను.

ఎందుకు అన్నాను, ఆ తర్వాత కూడా ఎందుకు అదే అంటూ వచ్చాను? అక్క కాపురం అన్నాను నాకు నేను. అమ్మ తట్టుకోలేదన్నాను. అవన్నీ ఉత్తవే. నిజం ఇంకోటి ఉంది, చెప్తాను.

సినిమా ఛానెల్‌లో వచ్చింది. మా దుకాణంలో టీవీ పెట్టుకుని బజారంతా చూసింది. చివరి దృశ్యం వచ్చింది. చీకట్లో ఒక దీపం. కెమెరా దాని నుంచి వెనక్కి, వెనక్కి పోతుంటుంది. దీపం చిన్నదవుతూ, చిన్నదవుతూ, కదలబోతున్నట్టు ఒక్క క్షణం ఊగి, అక్కడ తెగిపోతుంది. కెమెరా అట్లా వెనక్కి పోయింది నా చేతుల ఊపుకు. గుంజుకూ గుంజుకూ మధ్య నేను పట్టు మార్చుకున్న చోటల్లా బొమ్మ ఆగి మళ్లీ కదిలింది. పెట్టెలో కెమెరా తిరుగుతూనే ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. అప్పుడు పేర్లు వచ్చాయి. ఆయన పేరు. దాని కింద, తాడు అని రాసి, నా పేరు.

దాచుకోవడానికేముంది, సంతోషించాను. ముంబై టీవీలో నా పేరు. పక్క దుకాణాల వాళ్లు వీపు తట్టారు. అక్క తెర వైపే చూస్తోంది. తన పేరు లేదు. నా పేరు చదివి, నావైపు తిరిగి నవ్వింది.

తర్వాత ఊళ్లో సన్మానం. శాలువా, కొబ్బరికాయ. వేదిక మీద ఎవరో మరాఠీలో అడిగారు, ఆ చివరి దృశ్యం ఎట్లా తీశారని. "మా బామ్మర్ది తాడు గుంజిండు, గంతే," అన్నాడు బావ. చప్పట్లు. నేను లేచి దండం పెట్టాను. ఆడవాళ్ల వరుసలో అక్క పక్కవాళ్ల చేతులు చూసి తానూ చప్పట్లు కొట్టింది. వెనకెవరో, "గామెను ఎందుకు తోల్కొచ్చిండ్రు, చెవిటోళ్ల ముంగట శంఖమూదినట్టు," అన్నారు. నేను విన్నాను. వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత పన్నెండేళ్లు ఆయన బతికాడు. ఇంకే సినిమా తీయలేదు. దీపం పట్టేవాళ్లు దొరకలేదు. ఇద్దరు కూలీలను పెట్టి చూశాడు, ఒకడు సొరంగం మొదట్లోనే వాంతి చేసుకున్నాడు. చివరిదాకా పెళ్లిళ్లు తీశాడు. ఇంట్లో అక్క ముందు కూర్చుని అన్నం తింటూ ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి నెట్టుకునేవాడు. ఆమె చూసేది. ఆయన చెవులు ఆఖరు రోజు వరకూ బ్రహ్మాండంగా పనిచేశాయి.

దినవారాలు అయిపోయాక అక్క నన్ను స్టూడియోకు పిలిచింది. ఇనుప ట్రంకులో టేపులన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద తారీఖు. ఆ దీపావళి టేపు తీసి నా చేతిలో పెట్టింది.

"పూరా టేపు చూడాలె. టీవీల కోసేసిండ్రు."

కేబుల్ ఆపరేటర్ మూలన పడేసిన వీసీఆర్ దులిపి తెచ్చాను. తీగలు కలుపుతుంటే అక్క నా ఎదురుగా వచ్చి కూర్చుంది. చెవులు పోయాక ఆమె మనిషి పెదవులు చూసి మాటలు పోల్చుకోవడం నేర్చుకుంది.

"తమ్మీ, గా దినం అసలు ఏమైందిరా?"

ఆయన లేడు. అమ్మ లేదు. కాపురం లేదు. దాచడానికి ఏమీ లేదు. ఆమె నా పెదవులే చూస్తోంది. అలవాటైన నోరు, దానంతట అదే తిరిగింది.

"తాడు జారిందక్కా."

ఆమె తలూపి, టేపు పెట్టమంది.

రాతి స్తంభాలు వచ్చాయి. వీపు తిప్పిన మనిషి వచ్చింది. బురద పొగలా లేచింది. తర్వాత బొమ్మ పక్కకు ఒరిగింది. కెమెరాను రాయి మీద పెట్టినట్టున్నాడు. అద్దం ముందు ఒక నడుము, నడుముకు నా తాడు. ఆయన చెయ్యి వచ్చి ముడి తోక పట్టి లాగింది. విడిపోయింది. ఆ కొసను అద్దం ముందు నుంచే పెట్టె పిడికి తెచ్చి, రెండు చుట్లు తిప్పి, బిగించాడు. ఆ పని జరుగుతున్నంతసేపూ లైటు ఆ వేళ్ల మీదే పడుతోంది. ఒక్కింత కూడా వణకలేదు. చెయ్యి తాడును గుంజింది. ఒకటి, రెండు, మూడు.

బొమ్మ కదిలింది. దీపం వెనక్కి పోసాగింది. టీవీలో తెగిన చోటు వచ్చింది. దీపం ఊగి, తిరిగింది. అక్క దాన్ని తన ముఖం మీదికే తిప్పుకుంది. అద్దం వెనక రెండు కళ్లు, గొట్టం కరిచిపట్టిన నోరు. నేరుగా కెమెరాలోకి చూస్తోంది. నేను గుంజినకొద్దీ చిన్నదై, బురదలో కలిసిపోయింది.

అక్క తెర వైపు చూస్తూనే అంది, చెవులు లేనివాళ్ల గొంతుతో, బజారంతా వినబడేలా.

"ఆయన ముడేస్తుంటె లైటు వట్టింది నేనే గదరా. మల్లొస్త అని సైగ జేసిండు, నమ్మిన. గది వోనీ. ఆయన గసొంటోడే. నువ్వు ఎప్పుడన్న చెప్తవని చూసిన, గిన్నేండ్లు."

నేను ఏదో అనబోయాను. ఆమె నా పెదవుల వైపు చూడలేదు.

"చెవులు నాయి పోయినయ్. నోరు నీదేమైందిరా?"

కొంగుతో తెర మీది దుమ్ము తుడిచింది.

"మల్లొకసారి వెట్టు. నా ముఖం చూస్త."

టేపు వెనక్కి తిప్పాను. చెయ్యి వచ్చింది, ముడి పడింది, లైటు కదలలేదు. మూడు గుంజులు. నేను గుంజడం మొదలుపెట్టాను.